కడగని కత్తి

శ్యామల చూపుడువేలికి కుట్లు పడిన రోజున గురులింగప్ప రెండు మాటలు అన్నాడు. కత్తిలో ఏ లోపం లేదు, ఆ పిల్లకే కత్తి పట్టడం రాదు, రేపటి నుంచి ఆమెను తీసుకురావద్దు అన్నది ఒకటి. అదే కత్తిని రేపు పక్కన కూర్చొని కోసే బాలమణికి ఇస్తానన్నది రెండోది. రెండూ అందరూ వింటుండగానే అన్నాడు.

మొగుడంపల్లి దారిలో ఆయనకు అల్లం చేను ఉంది. ఏటా ఎండలు ముదిరాక, అల్లం నాటే ముందు, విత్తనపు కొమ్ములు కోయడానికి జహీరాబాద్ నుంచి మా ఆడవాళ్ల గుంపు వెళ్తుంది. మా ఆయన పోయిన తర్వాత నేను ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు గుంపును తీసుకుపోయేది నేనే. ఒక షెడ్డులో చేత కాదని పేరు పడితే మరో రైతు ఆ మనిషిని కూర్చోనివ్వడు. శ్యామలకు ఇద్దరు పిల్లలు. ఆమెకు తెలిసిన పని ఇదొక్కటే.

కత్తులు గురులింగప్ప కొన్న మడత కత్తులు. తెరిచినప్పుడు పిడిలోపల ఉన్న సన్నని రేకు పక్కకు జరిగి, కోసే అలుగు మొదలు వెనక నిలబడుతుంది. అది అక్కడ ఉన్నంతసేపు అలుగు వెనక్కి మడతపడదు. మడవాలంటే బొటనవేలితో రేకును పక్కకు నొక్కాలి. శ్యామల పొరపాటున దాన్ని నొక్కి ఉంటుందని గురులింగప్ప లెక్క.

"ఈ కత్తి ఇయ్యాల నా దగ్గరుంటది పటేలా. దీంట్ల ఏమున్నదో తెలిసేదాక మా గుంపుల ఎవ్వరు దీన్ని తెరువరు," అన్నాను.

ఆయన నవ్వాడు. "తీస్కపో. తెల్లార్లు దానితోని ముచ్చట పెట్టు. పొద్దుగాల మాత్రం ఆ పిల్లను తోల్కరాకు."

ఇంటికి వచ్చి కత్తి మీది మట్టి, అల్లం పీచు, నెత్తురు అన్నీ సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి, ఎండలో పెట్టాను. ఆరాక తెరిచి చూశాను. రేకు అలుగు మొదలు మధ్యదాకా వచ్చి నిలబడింది. అంచున వేలాడడం లేదు. అరిగిన కత్తిలో రేకు ప్రతి ఏడూ కొంచెం కొంచెం లోపలికి పోతూ చివరికి పిడి అవతలి గోడను తాకుతుంది. ఇక పోవడానికి చోటు ఉండదు, అప్పుడు అలుగు ఆడుతుంది. ఇది అంత దూరం పోలేదు. అలుగు మొనను పట్టి కదిపాను, పైకీ కిందికీ కదల్లేదు. మెల్లగా తెరిచి చూశాను, విసురుగా తెరిచి చూశాను. ఎట్లా తెరిచినా రేకు అదే చోట ఆగింది. అలుగు మడతపడే దారిలో వేళ్లు లేకుండా పిడిని రెండు పక్కల పట్టుకొని, పదును లేని కత్తి వీపును పీట మీద ఆనించి బలంగా ఒత్తాను. ఒత్తిన కొద్దీ బిగిసింది తప్ప మడతపడలేదు.

నాకు కోపం వచ్చింది. లోపం కనబడితే బాగుండునని అంతగా కోరుకున్నది ఆ రోజే. బస్టాండు దగ్గర కత్తులకు సాన పట్టే ప్రేమ్‌సాగర్ దుకాణానికి తీసుకుపోయాను. అతను భూతద్దం పెట్టుకొని చూశాడు. రేకు కరెక్టుగా కూర్చుంటోందనీ, ఇరుసు వదులు కాలేదనీ చెప్పాడు. మేము దానితో ఎట్లా కోస్తామో అడిగాడు. కొమ్ముల సందులో మొన గుచ్చి, మొలకెత్తే కన్ను తెగకుండా కత్తి వీపుతో పైకి లేపి విడదీస్తామని చెప్పాను. వీపు మీద బరువు వేస్తే భారమంతా ఆ రేకు మీదే పడుతుందని ఒప్పుకున్నాడు. కానీ ఈ రేకు ఆ భారం మోస్తుందని తను కూడా బల్లకు ఒత్తి చూపించాడు.

"నీకంటె ఎక్కువ దినాలు పని చేస్తది సంగమ్మా ఇది," అన్నాడు, కత్తి నా చేతిలో పెడుతూ.

అక్కడి నుంచి శ్యామల ఇంటికి పోయాను. వేలికి పెద్ద కట్టుతో గడప మీద కూర్చొని ఉంది. దవాఖానలో ఏమన్నారో చెప్పింది. వేలు మిగిలింది, వంగడానికి నెలలు పడుతుందట. రేకు ఏమన్నా తగిలిందా అని అడగ్గానే ఆమె ముఖం మారింది.

"నువ్వు గూడ గదే అడుగుతవా పెద్దమ్మా? నేను నొక్కలే. నా బొటనవేలు పిడి మీదనే ఉండె. కొమ్ము లేపుతున్న, అంతే, కత్తి ఒరిగింది."

ఎడమ చేత్తో దువ్వెన పట్టుకొని ఎట్లా లేపిందో చూపించింది. ఆమె బొటనవేలు రేకు దగ్గరికి రాలేదు. అంతకు ముందు ఏం చేసిందో అడిగాను. చాయ్ తాగింది. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంది. మళ్లీ కత్తి తెరిచి కూర్చుంది. అంతకన్నా ఏమీ లేదంది.

కొబ్బరినూనె మేమందరం రాసుకుంటాం. గంటసేపు అల్లం కోస్తే ఆ రసానికి అరచేతులు నిప్పులు పట్టుకున్నట్లు ఉంటాయి. అందుకే షెడ్డులో నూనె సీసా చేతులు మారుతూనే ఉంటుంది. ఇంటికి నడుస్తుంటే ఆ సీసాయే నా కళ్ల ముందు తిరిగింది. నేను చూసింది కడిగిన కత్తిని. ప్రేమ్‌సాగర్ చూసిందీ కడిగిన కత్తినే. శ్యామల వేలు కోసిన కత్తిని మేమిద్దరం చూడనే లేదు.

తెల్లవారి శ్యామలను వెంటబెట్టుకొనే పోయాను. గురులింగప్ప దూరం నుంచే గొంతు పెంచాడు. ఒక్క గంప కోసేదాకా ఆగమన్నాను, అప్పటికీ పొమ్మంటే ఇద్దరం పోతామన్నాను. ఆయన షెడ్డు ముందరి మంచం మీద కూర్చున్నాడు.

ముందు పొడి చేతులతో శ్యామల కత్తి పట్టి కోసి, దాన్ని పీటకు ఒత్తాను. నిలిచింది. "సూసినవా," అన్నాడు గురులింగప్ప. చేతులకు నూనె రాసుకొని మళ్లీ మొదలుపెట్టాను. మధ్యమధ్య కత్తిని మడుస్తూ తెరుస్తూ ఉన్నాను, పనిలో అందరూ చేసేట్టుగానే. రేకును నొక్కిన ప్రతిసారీ బొటనవేలి నూనె దాని మీదికి ఎక్కింది. మళ్లీ పీటకు ఆనించాను. నిలిచింది. ఇంకాస్త కోసి మళ్లీ ఆనించాను. రేకు చప్పుడు లేకుండా పక్కకు జారింది. అలుగు నా రెండు చేతుల మధ్య మడతపడిపోయింది.

రేకు కొసనూ అలుగు మొదలునూ గుడ్డతో గట్టిగా తుడిచి ఒత్తితే నిలిచింది. నూనె వేలితో తాకి ఒత్తితే మడతపడింది.

"అట్లయితె నూనె బంద్ చెయ్యిన్రి," అన్నాడు గురులింగప్ప.

"నువ్వొచ్చి కొయ్యి పటేలా, నూనె లేకుంట," అంది బాలమణి. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

మిగతా కత్తులు కూడా ఇమ్మని, ఒక్కొక్క దానికి నూనె పూసి ఒత్తాను. కొన్ని మడతపడ్డాయి, కొన్ని నిలిచాయి. వాటిని పక్కపక్కన పెట్టి వెలుతురులో చూశాను. రేకు అన్నింటిలో ఇంచుమించు ఒకే చోట ఆగుతోంది. తేడా అక్కడ లేదు. నిలిచిన కత్తుల్లో రేకు కొస మీద తయారీలో పడిన ఆకురాయి గీతలు ఇంకా ఉన్నాయి. మడతపడ్డవాటిలో ఆ గీతలు అరిగిపోయి కొస అద్దంలా మెరుస్తోంది, నూనె అంటితే దానికి పట్టు దొరకదు. రేకు ఎంత దూరం వచ్చిందో మాత్రమే నిన్న చూశాను. అది దేని మీద నిలబడిందో చూడలేదు.

గురులింగప్ప వచ్చి వంగి చూశాడు. గీతలున్నవి ఉంచుకొని మిగతావి పారేద్దామన్నాడు. మంచి పైసలు పెట్టి కొన్నవని గొణిగాడు.

"ఇయ్యాల గీతలున్నయి. వచ్చే యేడు ఉండయి. అప్పుడు ఎవరి వేలు?" అన్నాను.

ఆయన సీసా తీసుకొని అరచేతుల్లో నూనె వంచుకున్నాడు. శ్యామల కత్తిని తెరిచి, పెద్ద కొమ్ము సందులో గుచ్చి, వీపుతో మెల్లగా లేపాడు. కత్తి ఒరగడం మొదలుపెట్టగానే చెయ్యి వదిలేశాడు. కత్తి అల్లంలోనే గుచ్చుకొని ఉండిపోయింది. తర్వాత కత్తులన్నీ సంచిలో వేసి కట్టేసి, మడత లేని, ఒరలున్న కత్తులు తెమ్మని జీతగాణ్ని బండి మీద జహీరాబాద్ పంపాడు. అవి వచ్చేదాకా చేతులతోనే విరుస్తామని చెప్పాను.

శ్యామల గురించి మాత్రం ఏమీ అనలేదు. మంచం వైపు తిరిగాడు.

"నిన్న అందరి ముందట అన్నవు పటేలా. ఇయ్యాల గూడ అందరి ముందటనే అను," అన్నాను.

ఆయన ఆగాడు. మా వైపు కాక అల్లం కుప్ప వైపు చూస్తూ, "కత్తిదే తప్పు. పిల్లది గాదు," అన్నాడు.

"పిల్ల అనకు. నాకే ఇద్దరు పిల్లలు," అంది శ్యామల. గంప ముందుకు జరుపుకొని కూర్చొని, ఎడమ చేత్తో కన్నున్న ముక్కలు ఒకవైపు, లేనివి ఒకవైపు వేరు చేయసాగింది.