చదవని మూడు వరుసలు

రాజుగారు ప్రవాసం నుంచి తిరిగొచ్చి గద్దెనెక్కిన మరుసటి ఏడు, జూన్ మొదటి ఆదివారం, మా చర్చిలో పొగాకు గురించిన ఆజ్ఞ చదివింది నేనే. అందులో మూడు వరుసలు చదవలేదు. ఎవరూ గమనించలేదు.

నేను ఆ చర్చి గుమాస్తాని. పాదిరిగారి చేతిలో మూడు ఊళ్లున్నాయి. మా ఊరికి నెలకు రెండుసార్లే వచ్చేవారు. మిగతా ఆదివారాలు చదవడం నా పని. ఊళ్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ చదువైనా ఎంత? చిన్నప్పుడు కమ్మరి వితంతువు తన వంటింట్లో కూచోబెట్టి నాలుగు శీతాకాలాలు నేర్పింది, అంతే.

గుమాస్తా అయిన కొత్తలో దానియేలు గ్రంథం చదువుతూ బబులోను రాజు పేరు దగ్గర ఆగిపోయాను. నెబు, నెబు అని రెండుసార్లు అన్నాను. మూడో అక్షరం రాలేదు. వెనక బల్లమీద గొర్రెలకాపరి హంఫ్రీ కూచుని ఉన్నాడు. "తొందరగా తేల్చరా నాయనా, ఈలోపు ఆ రాజు ముసలాడైపోతాడు" అన్నాడు. చర్చి అంతా నవ్వింది. ఆ రోజు నుంచీ నా పేరు నెబూ. పదకొండేళ్లు అదే పేరు. దారిలో కనబడితే చాలు, ఈ వారం ఎవరి పేరు విరగ్గొడుతున్నావు నెబూ అని అడిగేవాడు హంఫ్రీ. అతనికి అది సరదా. నాకు ఆదివారమంటేనే భయం పట్టుకుంది.

నా భార్య థామసిన్ మాత్రం ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. ఆవిడకి చదువు రాదు. సాయంత్రం బఠాణీ జావ పొయ్యిమీద ఉడుకుతుంటే ఒక అధ్యాయం చదవమనేది. "నీ గొంతులో అయితే దేవుడు మన ఊరివాడిలాగే ఉంటాడయ్యా" అనేది. పిల్లలిద్దరూ పోయాక మా ఇంట్లో మిగిలిన సుఖం అదొక్కటే.

మా లోయలో పొగాకు వెయ్యని వాలు లేదు. ఆకు సముద్రం అవతల తన వలసల్లో పండి, ఓడల్లో వచ్చి, రేవులో సుంకం కట్టాలని రాజుగారి కోరిక. మా మట్టిలో పండిన ఆకు వల్ల ఆయనకు వచ్చేదేమీ లేదు. వాళ్ల తాతగారి కాలం నుంచీ వెయ్యొద్దనే అంటున్నారు. గుర్రాలతో తొక్కిస్తున్నారు. మావాళ్లు మళ్లీ వేస్తూనే ఉన్నారు.

థామసిన్ వేసిన పొగాకు మడి అమ్ముకోవడానికి కాదు. కోళ్ల గూడు వెనక, ఒక బండి నిలిపేంత చోటు. పచ్చి ఆకును పొయ్యి దగ్గర వెచ్చచేసి, పందికొవ్వు రాసి, పుండ్లమీద కట్టేది. హంఫ్రీ మోకాలి కింద రెండేళ్లుగా మానని పుండు ఉండేది. మూడు రోజులకోసారి మా గుమ్మంలో కూచుని కాలు చాపేవాడు. ఆవిడ కడిగి కట్టేది. ఆ వసంతంలో పుండు అంచులు ఎండి, దగ్గరకొచ్చాయి. ఆకు వల్ల మానుతోందో, ఆవిడ చేతి వల్ల మానుతోందో నాకు తెలియదు. మానుతోంది.

ఇక ఆ ఆదివారం. ఆజ్ఞ పొడుగాటి కాయితం, అచ్చు వేసింది. సగం వరకు బాగానే చదివాను. తర్వాత విశ్వవిద్యాలయాల మందుమొక్కల తోటల సంగతి వచ్చింది. దాని పక్కనే, సొంత దొడ్డిలో మందు కోసం వేసుకున్నవాళ్ల సంగతి. నోరు ఒక వరుసలో ఉండగా కన్ను కింది వరుసలో ఉంటుంది. అక్కడ ఆ మాట కనిపించింది. పది అక్షరాలు. ఒకే అక్షరం మూడుసార్లు. ఎక్కడ విరవాలో తెలియలేదు. తలెత్తి చూశాను. ఎప్పుడూ కునుకుతూ ఉండే హంఫ్రీ ఆ రోజు మేలుకుని ఉన్నాడు. గడ్డం ఎత్తి నా నోటికేసి చూస్తున్నాడు.

మూడు వరుసలు దాటేసి కింద నుంచి అందుకున్నాను. చివరిదాకా ఆగలేదు.

ఇంటికి వస్తుంటే దారిలోనే థామసిన్ అడిగింది.

"మందుకి వేసుకున్నదాని గురించి ఏమీ లేదా అందులో?"

"లేదు."

"ఇంకోసారి చూడయ్యా. అంత కాయితం రాసినవాళ్లు ఆ ముక్క మర్చిపోతారా?"

"లేదన్నానుగా."

మర్నాడు నిజంగానే చూశాను. కాయితం చర్చి తలుపుకి కొట్టి ఉంది. ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆ మాట మీద వేలు పెట్టి నిలబడ్డాను. మళ్లీ అక్కడే ఆగాను. వచ్చే ఆదివారం పాదిరిగారు వస్తారు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవారు. కానీ తన గుమాస్తాకి ఒక మాట చదవడం రాలేదని ఆయనకి తెలిసేది. ఇదంతా ఆక్స్‌ఫర్డ్ పండితుల గొడవ, మనకెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మలేదు. నమ్మినట్టు నడుచుకున్నాను.

మంగళవారం మడి పీకేశాం. ఆవిడ ఒక చివర నుంచి, నేను ఒక చివర నుంచి. నేనే ఎక్కువ పీకాను. దూలానికి వేలాడుతున్న నిరుటి ఎండాకు కూడా తీసి పొయ్యిలో పెట్టాను. అదెందుకు, దాచుకోవద్దని ఎవరన్నారు అంది ఆవిడ. గుమాస్తా ఇంట్లో ఆకు ఉండకూడదు అన్నాను. ఆ మాట నా చెవికి గొప్పగానే వినిపించింది.

హంఫ్రీకి ఆవిడ వేరే ఆకులు కట్టింది. జూలైలో పుండు మళ్లీ విచ్చుకుంది. గుమ్మం దగ్గర వాసన మొదలైంది. నా కాలు చచ్చినా నా కంటే ముందు గొర్రెలే ఏడుస్తాయి అని అతను నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు. కట్టు కడుతూ నాకేసి ఒకసారి చూసేది. అప్పటికింకా అనుమానం కాదది. ఏదన్నా దారి చెప్తానేమోనని.

ఆగస్టులో గుర్రాలొచ్చాయి. ఇరవైమంది రౌతులు. పొద్దున్నంతా వాలుమీది పొగాకు తొక్కించారు. మధ్యాహ్నం వాళ్ల దళపతి ఊళ్లోకొచ్చి బావి దగ్గర దిగాడు. చేతిలో నేల కొలిచే కోల ఉంది. గుమాస్తా ఎవరని అడిగాడు. నేను టోపీ తీసి ముందుకెళ్లాను. చుట్టూ జనం. థామసిన్ చేతిలో నీళ్ల కడవ. హంఫ్రీ గోడకు ఆనుకుని ఒంటికాలిమీద.

"మందుకోసం వేసిన మళ్లు చూపించు. సగం కోల మేర, అంటే బండి నిలిపేంత చోటు, దాటకపోతే వాటి జోలికి పోం" అన్నాడు దళపతి.

నేను టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాను.

"ఒక్కటీ లేదా? పొరుగూళ్లో నాలుగు కొలిచి వదిలేశాను. ఇక్కడ ఆజ్ఞ చదవలేదా?" అన్నాడు. కాయితం తీసి ఆ మూడు వరుసలూ గడగడా చదివాడు. నేను ఆగిన మాట దగ్గర ఆగలేదు.

థామసిన్ నా మొహం చూసింది. చూడగానే తెలిసిపోయింది ఆవిడకి. నేను కళ్లు దించుకున్నాను. నా బూట్లకి బురద ఉంది. ఆ బురద నాకు ఇప్పటికీ గుర్తుంది.

కడవ కింద పెట్టి ఆవిడ అంది, "చదివాడు దొరా. అక్షరం వదలకుండా చదివాడు. నేనే సరిగా వినలేదు. తొందరపడి పీకేశాను."

నేను నోరు తెరవడానికి అప్పుడు బోలెడంత సమయం ఉంది. దళపతి కాయితం నెమ్మదిగా మడిచాడు. గుర్రానికి నీళ్లు పట్టించాడు. రికాబులో కాలు పెట్టాడు. అంతసేపూ ఉంది.

హంఫ్రీ గోడ దగ్గర నుంచి అన్నాడు, "చెవులు ఇంట్లో పెట్టి చర్చికొస్తావా థామసినక్కా? నా కాలు కదా అది." ఆ రోజు అతని గొంతులో సరదా లేదు. ఆవిడ తలవంచుకుని కడవ ఎత్తుకుంది. ఆడవాళ్లు దారిచ్చారు. ఆ తర్వాత పుండని, గాయమని మా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. వినడం రానిదాని మందు ఎవరికి కావాలి?

సెప్టెంబరు చివర హంఫ్రీని బండిలో వించ్‌కమ్ పట్నానికి తీసుకెళ్లింది నేనే. వేరే బండి దొరక్క. అక్కడ కోత వైద్యుడు అతని పళ్ల మధ్య తోలుముక్క పెట్టి రంపం తీశాడు. భుజాలు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. కిందికి చూడలేక గోడవైపు చూశాను. గోడకి బిషప్పుగారు ఇచ్చిన అనుమతి పత్రం ఉంది. అందులో రెండో వరుసలో ఆ మాట. పది అక్షరాలు. ఒకటి మూడుసార్లు.

అయిపోయాక వైద్యుడు చేతులు కడుక్కుంటుంటే అడిగాను, ఆ మాట ఎలా పలుకుతారని.

"కైరర్జరీ. కోత వైద్యం. ఇప్పుడు నేను చేసిన పని" అన్నాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం పుస్తకం తీసి పొయ్యి దగ్గర కూచున్నాను. ఇవాళ వద్దులే అంది థామసిన్. మర్నాడూ అదే మాట. నాలుగేళ్లు, ప్రతి సాయంత్రం ఇవాళ వద్దులే. తర్వాత నేను పుస్తకం తియ్యడం మానేశాను. ఆవిడ తిట్టలేదు. ఆ సంగతి ఎత్తలేదు. జావ పోసేది, రొట్టె కోసేది, చొక్కాకి మాసికలు వేసేది. ఆవిడ ఒక్కసారి కేకలేసి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణని చాలాకాలం అనుకున్నాను. అదీ అబద్ధమే. నేరం ఆవిడ నోటితో చెప్పించుకుని, క్షమాపణ కూడా ఆవిడ దగ్గరే పుచ్చుకుందామని చూశాను, అంతే.

ఐదో ఏడు మార్చిలో ఆవిడకి ఊపిరితిత్తుల జ్వరం వచ్చింది. ఆరో రోజు మధ్యాహ్నం హంఫ్రీ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. కాలు పోయాక గొర్రెల వెంట తిరగలేక, ఇంట్లో కూచుని అక్షరాలు నేర్చుకున్నాడు. యాభై ఏళ్ల వయసులో, చెక్కపలక మీద పసిపిల్లల అక్షరాలు. ఆ ఐదేళ్లలో మా గడప తొక్కడం అదే మొదలు.

మంచం పక్కన కూచుని, "కాలు గురించి నీమీద నాకేం లేదక్కా. వినలేదు, అయిపోయింది. వదిలేశాను" అన్నాడు.

నేను మంచం కాళ్ల దగ్గరే ఉన్నాను. రెండు అడుగుల దూరం. ఆవిడ నాకేసి చూడలేదు. మంచిది హంఫ్రీ అంది. ఆ క్షమాపణ కూడా నా బదులు ఆవిడే పుచ్చుకుంది.

తర్వాత, నీకు చదవడం వచ్చిందటగా, ఏదన్నా కీర్తన చదువు అంది. పుస్తకం నా చేతిలోనే ఉంది. అతనికిచ్చాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదిపి, ఆ తర్వాత పైకి అనేవాడు. మూడో వచనంలో ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేసి, తలెత్తి నన్ను చూశాడు. వేళాకోళం లేదు ఆ చూపులో.

"ఇదేంటి నెబూ?"

నాకు ఆ మాట వచ్చు. చెప్పబోయాను.

"ఆయన్ని అడక్కు" అంది థామసిన్. "నువ్వే కూడబలుక్కో. నేను ఆగుతాను."

చాలాసేపు పట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని ఆగింది. హంఫ్రీ ఆ మాటలో ఉన్న ప్రతి అక్షరం పలికాడు. తర్వాతి వరుసలోకి వెళ్లాడు.