కూర్చునే చోటు

తల తిరిగిందంటే మా అత్త మునిలక్ష్మమ్మ దగ్గర ఒకటే మందు. నీళ్ళలో నిమ్మకాయ పిండి, గుప్పెడు ఉప్పేసి, ఉత్త పిత్తమే లే, తాగు అంటుంది. మా ఆయన జయరామ లెక్కలో అది పిత్తం కూడా కాదు, తలపొగరు. సంత నుంచి వచ్చేసరికి తల బద్దలైపోతా ఉంటే పిల్లోళ్ళ మీద, ఆవుల మీద అరుస్తాను కదా, అందుకు. సంతకు పోయి పోయి దీనికి నోరు లేచింది అని ఇంటికొచ్చినోళ్ళకంతా చెప్పినాడు. వినీ వినీ నేనూ నమ్మినాను. నేను గయ్యాళిదాన్నే కాబోలు, మా అమ్మ ఇట్లాంటిదాన్ని ఎందుకు కనిందో అని పెరట్లో ఒక్కదాన్నే ఏడ్చిన రోజులుండాయి.

తమిళనాడులో ఉండే తెలుగోళ్ళం మేము, ధర్మపురి రైతుల సంతలో ఆకుకూర అమ్ముతాను. మా ఊరు పాపారపట్టిలో తెల్లారకముందే బస్సెక్కాల. ఆ లోపలే పాలు పిండి, పేడ తీసి, అందరికీ వండిపెట్టాల. సంతలో ఆడోళ్ళం నీళ్ళు తాగం, తాగితే పోయేదానికి చోటు లేదు. మయక్కం వచ్చి కళ్ళు తిరిగితే మాత్రం ఒకరి నిమ్మకాయ నీళ్ళు ఒకరం పంచుకుంటాం, ఉప్పు ఎక్కువేసుకుని. అక్కడా అందరికీ పిత్తమే.

పోయిన వారం ఒక నర్సమ్మ మిషను తీసుకుని సంతలోకే వచ్చింది. పక్కన టమాటాలమ్మే పొన్నుత్తాయి నన్ను ముందుకు తోసింది. నర్సమ్మ నా చేతికి పట్టీ బిగించి చూసింది, నమ్మక మళ్ళీ చూసింది. బీపీ ఇంత పెట్టుకుని ఎట్లా తిరుగుతా ఉండావమ్మా అని తమిళంలో అడిగింది. ఉప్పు నీళ్ళ సంగతి చెబితే నెత్తి కొట్టుకుంది. ఏ నొప్పీ తెలియని పొన్నుత్తాయికీ ఉందంట, పాపం బెదిరిపోయింది. మరుసటి రోజు ఆస్పత్రిలో డాక్టరమ్మా అదే చెప్పింది. రోజూ మాత్ర వేసుకో, ఉప్పు తగ్గించు, రెస్టు తీసుకో, వదిలేస్తే చెయ్యీ కాలూ పడిపోతాయి అనింది. నాకేమో, అబ్బా, గుండెల మీద బరువు దిగిపోయింది. ఇది జబ్బు. నా గుణం కాదు. జబ్బుకు పేరుంది, మాత్ర ఉంది. ఆస్పత్రి వరండాలో కళ్ళు తుడుచుకుంటా నవ్వుకున్నాను.

ఇంట్లో చెప్పినాను. అత్త లోపలికి పోయింది. మా ఆయన మాత్రం అప్పుడే తీర్పు చెప్పేసినాడు.

“అయితే సంత మానెయ్. ఇంటిపట్టున రెస్టుగా ఉండు.”

ప్రేమగానే అన్నాడు. ఇంట్లో రెస్టంట! పెండ్లైనప్పటి నుంచి ఈ ఇంట్లో నేను నిమ్మళంగా కూర్చుని తిన్న ముద్ద ఏదని వెతుక్కున్నాను, ఒక్కటీ గుర్తుకు రాలేదు. నిలబడి వండేది, నిలబడే తినేది, వంగి ఊడ్చేది. గోనెపట్ట మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది, ఉషక్కా అని పేరుతో పిలిపించుకునేది ఆ సంతలోనే.

మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు నిండా నీళ్ళు తాగి చెప్పినాను.

“మానేస్తాను. పాలు పిండేది, పేడ తీసేది, మూడు పూటలా వండేది. డాక్టరమ్మ రెస్టు తీసుకోమనింది, అందుకే సంతకు పోతా ఉండాను.”