పన్నెండు దాకా

2014లో దీవెన ఎచ్చెర్లలో ఎంసీఏ ఆఖరి ఏడాది చదువుతోంది. ఇంగ్లీషు రానివాళ్లు కూడా కంప్యూటరుకి పని చెప్పుకోగలగాలని, తెలుగు మాటలతోనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేసింది. అదే ఆమె ప్రాజెక్టు. దాన్ని పరీక్షించడానికి కంప్యూటరు ఎన్నడూ ముట్టని మనిషి కావాలి. భావనపాడులో తమ పక్కింట్లో వలలు అల్లే తవిటమ్మను పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

ఏడో తరగతితో బడి మానేసిన తవిటమ్మ, తెర మీద పన్నెండు వరసల వల గీయించడానికి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘1 నుంచి 12 దాకా వరస వెయ్యి’ అని కొట్టింది. తెర మీద వల వరసలు వరసలుగా దిగింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండే. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ పదకొండే.

“నాకు సదువు తక్కువ కదమ్మా. నేనే ఏదో తప్పు కొట్టీసుంటాను,” అంది నెమ్మదిగా.

దీవెనకు ముఖం చెల్లలేదు. ‘దాకా’ అంటే ఆ అంకెకు ముందే ఆగాలని భాషను కట్టింది తనే.

మర్నాడు గైడు నరసింగరావు గారికి చెప్పింది. చాలా పెద్ద భాషలు అలాగే ఆగుతాయని, దానికి కారణం ఉందని ఆయన అన్నారు. 1 నుంచి 12, 12 నుంచి 20 అని రెండు ముక్కలు రాస్తే అతుకు దగ్గర ఏ వరసా రెండుసార్లు పడదు. మారిస్తే ఆ సుఖం పోతుంది. జనం నాలుగు రోజుల్లో అలవాటు పడతారు.

“అలవాటయ్యేలోపు తప్పు తమదే అనుకుంటారు సార్,” అంది దీవెన.

“భాష నీది. పోయేదేమిటో తెలిసి మార్చు,” అన్నారాయన.

‘దాకా’ అంటే ఆ అంకె కూడా కలిసేలా మార్చింది. తను అంతకుముందు రాసిన నమూనా ప్రోగ్రాములన్నీ చెడ్డాయి. అతికిన చోటల్లా ఒక వరస రెండుసార్లు పడింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చుంటే, పొద్దుగూకేసరికి అవన్నీ సరయ్యాయి.

తవిటమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పన్నెండు వరసలూ పడ్డాయి. ఆమె ఆశ్చర్యపోలేదు. చెప్పినంత పడటంలో వింతేముంది? ఇప్పుడు ఇరవై వరసలయ్యేలా ఇంకో ముక్క అతకమని దీవెన బెరుగ్గా అడిగింది. తవిటమ్మ తడుముకోకుండా 13 నుంచి మొదలుపెట్టింది.

“పన్నెండు ఏసీసాం కదా. పదమూడు నుంచే ఎత్తుకోవాల. అది మాకు తెల్దేటి?”

మౌఖిక పరీక్షకు వేరే కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు, పేరున్న భాషల దారి వదిలేయడమెందుకని గుచ్చి గుచ్చి అడిగారు. దీవెన తవిటమ్మ సంగతి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. మార్కులు కాస్త తగ్గాయి. ఆమె బాధపడింది గానీ, ‘దాకా’ను మాత్రం కదపలేదు. పాత అలవాటు కొద్దీ ఆగిన అంకె నుంచే మళ్లీ ఎత్తుకుని, అతుకుల దగ్గర చాలాకాలం తప్పు కొట్టింది తనే.