ఎత్తు తగ్గిన తీగలు

మా ఆయన చేతికి పాడైన వస్తువు ఇస్తే బాగవుతుంది. బాగున్న వస్తువు ఇస్తే ఏమవుతుందో చెప్పలేం. పక్కింటావిడ ఊరెళ్తూ గొడుగు దాచమని ఇస్తే దాని పిడి మార్చేశాడు. పెళ్ళైన కొత్తలో మా నాన్న కుర్చీ కాళ్ళు సమం చేస్తానని కూర్చుని, ఒక్కోటీ కోసుకుంటూ పోయి చివరికి పీట చేసి పెట్టాడు. వృత్తి మాత్రం వాద్యాల మరమ్మతు. మా గదిలో వెనక సగం ఆయనది, ముందు సగం నా గుండీల కొట్టు. మధ్యలో ఒక తెర.

అలాంటి మనిషి దగ్గరికి ఆ మధ్యాహ్నం సాక్షాత్తూ పెద్దాయన గిటారే వచ్చింది.

పెద్దాయనంటే గిటార్ మీద బ్లూస్ అనే అమెరికా దిగులు పాటలు పాడే పెద్దాయన. ఆయనా, ఫిడేలు వాయిస్తూ జానపదాలు పాడే ఆయన మేనకోడలూ ఒక పాత వ్యాను వేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో కచేరీలు చేస్తూ మా ఊరికి వచ్చారు. ఆ సాయంత్రమే మా వీధి చివర లైబ్రరీ హాల్లో కచేరీ. మా ఆయనకు పెద్దాయన దేవుడితో సమానం. కుర్రతనంలో ఆయన పాటల క్యాసెట్ ఒకటి దొరికితే అరిగేదాకా విన్నాడు. విని గిటార్ కొన్నాడు. వాయించడం చేతగాక విప్పి చూశాడు. ఆ విప్పడమే ఇవాళ మాకు అన్నం పెడుతోంది.

మేనకోడలు గిటార్ పెట్టె బల్ల మీద పెట్టి, "తీగ బిగించే మర ఒకటి జారిపోతోందండీ, అది బిగిస్తే చాలు. మావయ్య కాస్త నడుం వాల్చాడు, లేచాక వస్తాం" అని చెప్పి వెళ్ళింది.

చాలు అన్న మాట మా ఆయన చెవికెక్కదు.

మర బిగించడం టీ చల్లారేలోగా అయిపోయింది. ఆ తర్వాత తెర వెనక చప్పుడు లేదు. చంటిపిల్లలున్న ఇంట్లోనూ మా ఇంట్లోనూ చప్పుడు లేదంటే కొంప మునుగుతోందని అర్థం. వెళ్ళి చూస్తే గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"ఈ తీగలు చూడవే, ఎంత ఎత్తుకు లేచిపోయాయో! నొక్కితే వేళ్ళు తెగిపోవూ? ఈ వయసులో ఎలా వాయిస్తున్నాడో మహానుభావుడు. పట్టించుకునే దిక్కు లేదు పాపం."

"ఆ పిల్ల బిగించమంది మర. ఇంకేం ముట్టుకోకండి."

"ముట్టుకోనులేవే."

ఒకావిడ జాకెట్టుకు రంగు కలిసే గుండీలు వెతికి ఇచ్చి వచ్చేసరికి, గిటార్ మెడ పైకొసన తీగలు ఆనే ఎముక ముక్క ఆకురాయి కింద పడి సగానికి అరిగింది. తీగలు మెడను అంటుకుంటున్నంత కిందికి దిగాయి. మా ఆయన మాత్రం పరీక్ష పాసైన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

పొద్దు వాలుతుండగా మేనకోడలితో పాటు పెద్దాయనే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నవ్వుమొహం. మా ఆయన గిటార్ రెండు చేతులా అందించి దూరంగా నిలబడ్డాడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని, జేబులోంచి చిన్న గాజు గొట్టం తీసి చిటికెనవేలికి తొడుక్కుని తీగల మీద జార్చారు.

గాజు వెళ్ళి మెడ మీది లోహపు మెట్లకు కొట్టుకుంది. మళ్ళీ జార్చారు. కటకటమన్న చప్పుడే తప్ప పాట లేదు.

"మావయ్య తీగలు నొక్కడండీ. గాజుతోనే వాయిస్తాడు. అది మెట్లకు తగలకుండా జారాలంటే తీగలు ఎత్తుగా ఉండాలి. కావాలనే అలా పెట్టించుకున్నాడు" అంది మేనకోడలు నెమ్మదిగా.

మా ఆయన విన్నది ఏనాటి క్యాసెట్టో. అందులో అంతా వేళ్ళతో నొక్కి వాయించిందే. ఆ తర్వాత ఈయన గాజు పట్టారని మాకెవరు చెప్తారు? జనం అప్పుడే హాలుకేసి నడుస్తున్నారు. దేవుడని కొలిచిన మనిషి చేతిలో పాట లేకుండా చేసింది తనే. మా ఆయన "క్షమించండి మాస్టారూ" అనేసి తెర వెనక్కి పోయి కూలబడ్డాడు. నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. కోపం ముందు బయటపడింది.

"అలా కూర్చుంటే ఏం లాభం? తగ్గించిన చెయ్యి పెంచలేదా?"

"అరిగిన ఎముక ఎలా పెరుగుతుందే?"

నా సొరుగులన్నీ లాగాను. చలికోట్లకు కుట్టే పొడుగాటి ఎముక గుండీ ఒకటి తీసి ఆయన ముందు పడేశాను. "ఇదీ ఎముకే. కొయ్యండి!"

ఆయన రంపం అందుకున్నాడు. నేను తెర ఇవతలికి వచ్చేసరికి పెద్దాయన గాజు పక్కన పెట్టి, ఊసుపోక వేలితో ఒక తీగ నొక్కుతున్నారు. నొక్కి, వేలు చూసుకున్నారు. మళ్ళీ నొక్కారు.

మా ఆయన గుండీని నిలువునా కోసి, తీగలకు గాళ్ళు తీసి, అరిగిన ముక్క మీద టోపీలా కూర్చోబెట్టాడు. జిగురు ఆరే వ్యవధి లేదు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచింది. పెద్దాయన గాజు జార్చారు. ఈసారి పాట వచ్చింది. మేనకోడలు నన్ను వాటేసుకుంది.

"నేను రాను. ఆయన ఎదట ఏ మొహం పెట్టుకుని కూర్చోను?" అన్నాడు మా ఆయన.

"ఉన్న మొహమే పెట్టుకోండి. మధ్యలో ఆ ముక్క ఊడితే ఎవరు పెడతారు, నేనా?" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాను. వెళ్ళి ఆఖరి వరసలో తలుపు పక్కన నిలబడ్డాడు.

కచేరీ మొదలైన కాసేపటికే హాలు ఊగిపోయింది. మేనకోడలు నాట్ల పాట ఎత్తుకుంటే, రోజూ నోటిమీద వేలేసి అందర్నీ అదిలించే లైబ్రేరియన్ గారే చెప్పులు విడిచి తాళం వేశారు. పెద్దాయన గాజు జార్చినప్పుడల్లా నా గుండె కూడా జారింది. ముక్క కదల్లేదు.

ఉన్నట్టుండి ఆయన ఆపేశారు. "గిటార్ బాగుచేసినాయన ఎక్కడున్నాడు? ఒకసారి పైకి రావాలి."

మా ఆయన గోడకు అతుక్కుపోయాడు. నేను వెనకనుంచి ఒక్క తోపు తోశాను.

"ఆ ముక్క తీసెయ్ బాబూ" అన్నారు పెద్దాయన.

"తీస్తే తీగలు దిగిపోతాయి మాస్టారూ!"

"దిగాలనే."

మా ఆయన తీగలు వదులుచేసి, ముక్క తీసి, మళ్ళీ బిగించి శ్రుతి చేశాడు. పెద్దాయన గాజు జేబులో వేసుకుని జనం వైపు తిరిగారు.

"నాకు గాజు మీద మోజని అందరూ అనుకుంటారు. మోజు కాదు, వేళ్ళ నొప్పి. నొక్కలేక గాజు పట్టాను. ఇందాక కొట్లో ఊరికే నొక్కి చూశాను. తీగ దిగి ఉందిగా, వేలికి లొంగింది. పాత పాట ఒకటి వాయిస్తాను. తప్పులొస్తే నవ్వుకోండి."

తప్పు మొదట్లోనే వచ్చింది. ముందు ఆయనే నవ్వి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మేనకోడలు ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని మావయ్య వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ పాట ఆయన చేత్తో వినడం ఆ పిల్లకదే మొదలట. పాటయ్యాక హాలంతా లేచి నిలబడింది.

మా ఆయన ఆ ఎముక ముక్క పిడికిట్లో పట్టుకుని, ఎప్పుడు మళ్ళీ పెట్టమంటారోనని వేదిక మీదే ఉన్నాడు. కళ్ళు ధారలు కడుతున్నాయి. ఊరంతా చూస్తోంది. చూడనీ అనుకున్నాను. నేనూ ఏడుస్తున్నాను, ఇంత సంతోషం నేను ఎరగను.

పెద్దాయన గిటార్ ఎత్తి ఆయన చేతుల్లో పెట్టారు.

"రెండో తీగ శ్రుతి కాస్త దిగినట్టుంది, చూడు బాబూ. ఇంకా చాలా పాటలున్నాయి."