పెయ్యకు వేసిన సూది

చెరకుతోటల దీవిలోని కాంప్ ద మాస్క్ ఊళ్ళో పైడమ్మ ఆవు వరుసగా రెండేళ్ళు ఈసుకుపోయింది. ఏడో నెలలోనే చచ్చిన దూడ పడేది. ఊళ్ళో మిగతా ఆవులదీ అదే వరస. పాలమ్ముకు బతికే ఆడవాళ్ళు అమ్మోరికి కోళ్ళు కోసి మొక్కుకున్నారు. ఫలితం లేకపోయింది.

పైడమ్మ మొగుడు అప్పయ్య పశువుల డాక్టరు దగ్గర తాళ్ళు పట్టే పని చేసేవాడు. 1924లో ఆ డాక్టరు ఈ తెగులు పుట్టించే సూక్ష్మజీవినే సీసాల్లో పెంచి, బతికుండగానే సూదితో ఎక్కించి చూడాలనుకున్నాడు. చూడి కట్టని పెయ్యలకే వెయ్యాలట. ఒకసారి తట్టుకున్న పెయ్య మరి ఈసుకుపోదట. ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు.

"మన పెయ్యనిద్దారే," అన్నాడు అప్పయ్య.

"బతికున్న రోగాన్ని సేజేతులా ఎక్కించుకుంటామేటి?"

"దొర సదూకున్నోడు. ఇయ్యకపోతే ఇదీ దాని తల్లి లాగే అవుద్ది."

పైడమ్మ పెయ్య పలుపు విప్పి అతని చేతికిచ్చింది.

సూది వేసే వేళ పెయ్య ఎగిరి తన్నింది. సూది జారి అప్పయ్య అరచేతిలో దిగింది. డాక్టరు మొహం పాలిపోయింది. మందునీళ్ళతో ఆ చెయ్యి కడిగి, "ఏం కాదులే," అన్నాడు.

మూడు వారాలకు అప్పయ్యకు జ్వరం మొదలైంది. సాయంత్రానికి ఎక్కేది, తెల్లారేసరికి పక్కంతా చెమటతో తడిపి దిగిపోయేది. పదిరోజులు విడిచి మళ్ళీ వచ్చేది. నడుం పట్టేసి లేవలేకపోయేవాడు. క్వినైన్ మింగించారు, మలేరియా అయితేగా తగ్గడానికి!

పైడమ్మ డాక్టరు గుమ్మానికి వెళ్ళింది.

"ముస్యే దొరా, ఆవులకి మందు సేశారు. మనిసికో?"

డాక్టరు గుమ్మం దిగి ఆమె ముందుకొచ్చాడు. "లేదు పైడమ్మా. తప్పు నాదే."

ఏడాది తిరిగేసరికి అప్పయ్య గుండె చెడింది. ఆయాసంతో కూర్చునే ప్రాణం విడిచాడు. కర్మలైన వారానికే పెయ్య ఈనింది. నిండు నెలల దూడ. అది తడబడుతూ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటుంటే వాడంతా చూడవచ్చింది.

"మా పెయ్యలకీ ఏయించమంటావా వదినా?" భయంభయంగా అడిగింది పక్కింటి మంగమ్మ.

వద్దని అరవాలనిపించింది పైడమ్మకు. కానీ ఎదురుగా దూడ ఉంది.

"ఏయించుకోండి," అంది. "తాడు అట్టుకోడానికి మాత్రం మీ మొగుళ్ళని అంపకండి."

ఎవరూ పంపలేదు. డాక్టరు పశువును కదలకుండా బిగించే చెక్క బోను చేయించి బండి మీద తెచ్చాడు. దాన్ని చెయ్యడం ఒక్కరోజు పనేనట. పైడమ్మ గడపలో కూర్చుని చూసింది. ఒక్కొక్క పెయ్యా అందులోకి వెళ్ళి, సూది వేయించుకుని, బయటికి వస్తోంది. ఎవరి చేతికీ ఏమీ కాలేదు. ఆఖరి పెయ్య కూడా ఇంటికి పోయాక ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.