అమ్మను లేపని ఉదయం

ముందే చెప్పేస్తున్నా — నాకు సముద్రం అంటే పడదు.

ఉప్పు వాసన. తడి తాళ్ల వాసన. వాటి వెనకాల డీజిల్.

అమ్మ సెలవుకి వస్తే ముందు ఆ వాసన గడప దాటేది. తర్వాత అమ్మ.

అమ్మ యుద్ధనౌక కెప్టెన్.

నౌకాదళంలో చేరిన కొత్తలో ఆమెకు ఒడ్డు మీద కుర్చీ ఇచ్చారు. ఆమె ఓడ అడిగింది. మళ్లీ కుర్చీయే ఇచ్చారు, ఈసారి చక్రాలున్నది. మళ్లీ ఓడే అడిగింది.

"ఓడలో నీకేం పనే?" అన్నాడు మామయ్య.

"నడపడం," అంది.

నువ్వు ఆడా, మగా అని అల ఎప్పుడూ అడగలేదు. అడిగిందంతా ఒడ్డే.

అడిగీ అడిగీ... చివరికి ఓడ తెచ్చుకుంది. భుజాల మీద చారలు పెరిగాయి. జుట్టు నెరిసింది. ఇంకో రెండు మెట్లు ఎక్కితే అడ్మిరల్.

అప్పుడే ఓడ ఇసుకదిబ్బ ఎక్కింది.

తెల్లవారుతోంది. నీళ్లూ ఆకాశమూ ఒకటే బూడిద రంగు. తుఫానంతా నిలబడే దాటించి, అమ్మ అప్పుడే నడుం వాల్చింది. ఓడ నడిపే గదిలో ఒక కుర్ర లెఫ్టినెంట్. కింద లోతు తగ్గుతోందేమోనని అతనికి అనుమానం వచ్చింది. అనుమానం వస్తే కెప్టెన్‌ని లేపాలి — ఓడలో అదే మొదటి నియమం.

అతను ఫోన్ ఎత్తాడు.

పెట్టేశాడు.

పాపం, పడుకోనీ... ఇంకాస్త చూద్దాం అనుకున్నాడు.

ఆ ఇంకాస్తలో ఇసుక వచ్చేసింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓడ అడుగు మాత్రం చీరుకుపోయింది. విచారణ వేశారు.

దానికి ముందు రోజు అమ్మ పై అధికారి మా ఇంటికొచ్చారు. మంచివారే. నేను టీ కలుపుతూ ఓ చెవి అటే వేశాను.

"ఒక్క మాట చాలమ్మా. ఆ కుర్రాడు నన్ను లేపలేదు అను. అబద్ధం కూడా కాదు కదా."

"కాదు సార్."

"మరి?"

"నన్ను లేపడానికి జంకాడంటే, జంకేలా ఉన్నది నేనే కదా. ఓడ నాది."

"ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలు చేసుకుంటావా?"

"ఇన్నేళ్లూ నీళ్లలోనే ఉన్నాను సార్."

ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆ కప్పు కూడా అమ్మే తాగేసింది.

మా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాం కుప్పకూలితే ముందు వెతికేది — ఎవడు చేశాడు? పేరు దొరికితే చాలు, మిగతావాళ్లం హాయిగా భోజనానికి వెళ్తాం.

అమ్మ ఎవరి పేరూ ఇవ్వలేదు.

విచారణలో అడిగారు. ఓడ నాది.

తిప్పి అడిగారు. ఓడ నాది.

బతిమాలినట్టు అడిగారు... ఓడ నాది.

నిర్ణయం ఫోన్లో చెబుతామన్నారు.

ఆ మధ్యాహ్నం అమ్మ సోఫాలో నిద్రపోయింది. ఎన్నాళ్లకో. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. కిటికీలోంచి గాలి — ఉప్పగా.

ఫోన్ మోగింది. పై అధికారి.

"అమ్మ ఉందామ్మా?"

గొంతులో ఏమీ తెలియలేదు. మంచో, చెడో.

పాపం, పడుకోనీ... నోటి దాకా వచ్చేసింది. ఇంకాస్త.

ఆ కుర్రాడి చేతిలో ఫోన్ ఎంత బరువుండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

భుజం పట్టి కుదిపాను.

"అమ్మా. లే."

లేచింది. జుట్టు వెనక్కి తోసుకుంది. కూర్చోలేదు. నిలబడింది — కాళ్లు కాస్త ఎడంగా, కింద నేల ఊగుతున్నట్టు.

"చెప్పండి సార్," అంది. "మెలకువగానే ఉన్నాను."