మొదటి బంతి, రెండో బంతి

రోజూ సాయంత్రం ఏడు కావస్తుండగా పద్మలత చెప్పులు తొడుక్కుని "పోయొస్త" అంటుంది. లోపలినుంచి చంద్రమౌళి "ఊఁ" అంటాడు. ఆమె మట్టెవాడ సందులో నాలుగు మలుపులు తిరిగి వరలక్ష్మి భోజనశాలకు పోయి, తిని వస్తుంది. వచ్చేసరికి ఆయన చొక్కా వేసుకుని అరుగు మీద తయారుగా ఉంటాడు.

"ఏం కూర?" అని అడుగుతాడు.

"బీరకాయ. పప్పు బాగున్నది."

ఆయన వెళ్తాడు, ఆమె లోపలికి వస్తుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల సాయంత్రపు ముచ్చట అంతే. కూర మారుతుంది, మిగతాది మారదు.

పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి తినే పెళ్లిళ్లు చూసి పెరిగిన పిల్లలకు బంతి అంటే ఏమిటో కాస్త చెప్పాలి. అందరూ వరుసగా కూర్చుంటారు. అందరికీ ఒకేసారి వడ్డిస్తారు. అందరూ తిన్నాకే అందరూ లేస్తారు. నాది అయిపోయింది కదా అని ఒకరు ముందు లేచారనుకోండి, పక్కన తింటున్నవాడు ఎంగిలి చేత్తో తలెత్తి చూస్తాడు. వాడి అన్నం సగంలోనే ఆగిపోతుంది. అందుకని లేవకూడదు. ఒక బంతి లేచాక నేల తుడిచి ఇంకో బంతి వేస్తారు. వరలక్ష్మి దగ్గర ఏడింటికి మొదటి బంతి, ఎనిమిదిన్నరకు రెండో బంతి. నెల మొదట్లోనే ఏదో ఒకటి చెప్పుకోవాలి, నెలంతా దాంట్లోనే తినాలి. హాలు కదులుతుంది కాబట్టి ఎవరెవరు ఎక్కుతారో ముందే తెలిసి ఉండాలి మరి.

ఆ హాలు వరలక్ష్మి మామగారు కట్టించింది. గోడలు లేవు. స్తంభాలు, పైన రేకులు, కింద బండలు. మోదుగాకు విస్తళ్లు వేసి, నీళ్లు చల్లి, మొదటి గరిటె అన్నం పడగానే హాలు నేలను వదిలి మోకాలెత్తు లేస్తుంది. చెరువు మీద తెప్పలాగా నిమ్మళంగా సాగుతుంది. మొదటి బంతి చౌరస్తా మీదుగా పోచమ్మ మైదాన్ దాకా పోయి వస్తుంది. అప్పటికి దుకాణాల్లో లైట్లన్నీ వెలుగుతుంటాయి, చీరలు బొమ్మల మీద మెరుస్తుంటాయి. రెండో బంతి స్టేషన్ వైపు పోతుంది. ఆ వేళకు షట్టర్లు పడుతుంటాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ మొగిలి ఒక చేయి అడ్డం పెట్టి ఆటోలను ఆపి, రెండో చేత్తో హాలును పొమ్మంటాడు. వంటిల్లు మాత్రం కదలదు. గిన్నెలన్నీ ముందే ఎక్కించుకోవాలి. ఒకసారి ఉప్పు డబ్బా మరిచిపోతే, కిరాణా కొట్టాయన హాలు పక్కన పరుగెత్తుతూ ప్యాకెట్ అందించాడు.

చివరి విస్తరి మడిచాక హాలు తిరిగొచ్చి మెట్లకు ఆనుతుంది. తినకుండా మడిచేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. అలా మడిచినది హాలు లెక్కలోకి తీసుకోదు. మళ్లీ విప్పి తినాల్సిందే.

పద్మలత మొదటి బంతి మనిషి. చంద్రమౌళి రెండో బంతి మనిషి. ఇది అలిగి పంచుకున్నది కాదు. వాళ్లకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బజారులో ఎవరిని అడిగినా చెప్తారు, దుకాణం వదిలి ఇద్దరూ ఒకేసారి పోరు. ఒకరు పోతే ఒకరు గద్దె మీద ఉండాలి. అందుకని పెళ్లయిన కొత్తలోనే పద్మలత ముందు తిని వచ్చేది, ఆయన షట్టర్ దించి పోయేవాడు. పిల్లలు కలగలేదు. కలిగి ఉంటే ఇంట్లో రాత్రి పొయ్యి వెలిగేదేమో. పొద్దున వండుకున్నది కూడా ఒకరు గద్దె మీద, ఒకరు ఇంట్లో తినేవాళ్లు. అట్లా ఏండ్లు గడిచాయి. తన మొగుడు అన్నం ఎట్లా తింటాడని ఎవరైనా అడిగితే పద్మలతకు చెప్పడం చేతకాదు. చూస్తే కదా.

మొన్న దసరా తర్వాత దుకాణం ఎత్తేశారు. ఆయన మోకాళ్లు గద్దె ఎక్కనివ్వడం లేదు. పక్కనున్న బట్టల షోరూం వాళ్లు గోడ కొట్టి కలుపుకున్నారు. ఇద్దరూ ఇంటికి వచ్చారు. కార్తీకం దాటింది. పద్మలత ఏడింటికే పోతూ ఉంది, ఆయన ఎనిమిదిన్నరకే పోతూ ఉన్నాడు.

నెలాఖరున వరలక్ష్మి చారు వడ్డిస్తూ అడిగింది. "అక్కా, ఇగ దుకాణం ఫికర్ లేదు గద. వచ్చే నెల ఇద్దరికి ఏ బంతి పెట్టుమంటవు? మొదటిదా, రెండోదా?"

ఆ 'ఇద్దరికి' అన్న మాట పద్మలత చెవిలో చాలాసేపు ఉండిపోయింది.

"ఆయన్నడిగి చెప్త" అంది.

పక్కన కూర్చున్న ఆటో యాకయ్య ఊరుకుంటాడా. "మొదటి బంతికే రమ్మను చెల్లె. బావ రెండో బంతిల తిని తిని అడుగంటిన పప్పే పప్పనుకుంటాండు."

"నీకు పప్పు మీది తేట పోసుడు ఎక్కువైంది యాకన్నా" అంది వరలక్ష్మి. బంతి అంతా నవ్వింది. పద్మలత కూడా నవ్వింది. ఆ రోజు హాలు మైదాన్ దగ్గర మలుపు తిరుగుతుంటే, ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే ఎట్లుంటుందో ఆమె ఊహించుకుంది. ఏ బంతి అయినా సరే. రెండో బంతి అయితే స్టేషన్ వైపు తను ఎప్పుడూ పోలేదు కూడా.

ఇంటికి పోయి, ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అడిగింది. "వరలక్ష్మి అడుగుతాంది. వచ్చే నెలకు నేను రెండో బంతికి రానా? లేకుంటే మీరే ముందటికి వస్తరా?"

చంద్రమౌళి గుండీ దగ్గరే ఆగాడు. "ఇద్దరం పోతే ఇంట్ల ఎవలుంటరు?"

"ఇంట్ల ఎవలుండాలె? ఏమున్నదని?"

"ఏమున్నా లేకున్నా ఒకలు ఉండాలె గద. నీకు మొదటి బంతి అలవాటు. లైట్లు చూసుకుంట తింటవు. నువ్వు పోయిరా, నేనుంట."

ఆయన మంచికే అన్నాడు. తన వల్ల ఆమె అలవాటు చెడకూడదని అన్నాడు. కానీ వినే మనిషికి లోపలి మాట వినబడదు, పైకి వచ్చిందే వినబడుతుంది. నువ్వు పోయిరా, నేనుంట. ఇన్నేళ్లూ దుకాణానికి చెప్పిన మాటే ఇప్పుడు ఖాళీ ఇంటికి చెప్తున్నాడని పద్మలతకు అనిపించింది. అంటే అడ్డం దుకాణం కాదన్నమాట.

మరునాడు ఆమె డోర్నకల్‌లో ఉన్న చెల్లెలు శారదకు ఫోన్ చేసింది. శారద మొగుడు రైల్వేలో చేసి పోయాడు. ఒక్కతే ఉంటోంది. ఎప్పటినుంచో రమ్మంటోంది.

"ఒకటో తారీకు శారద దగ్గరికి పోతాన" అని భర్తకు చెప్పింది.

"ఎన్ని రోజులు?"

"చూస్త. అక్కడే ఉన్నా ఉంట."

 "సరే" అన్నాడు చంద్రమౌళి. "ఇల్లు నేను చూసుకుంట."

ఉండమంటాడేమోనని ఆమె వంటింటి గడప మీద కాసేపు నిలబడింది.  తర్వాత పోయి బట్టలు సంచిలో పెట్టుకుంది.

ఆ నెల చివరి సాయంత్రం పద్మలత హాలెక్కి తన చోట కూర్చుంది. "రేపటినుంచి నా ఆకు వెయ్యకు వరలక్ష్మీ" అంది. వరలక్ష్మి ఎందుకని అడగలేదు. ఇంకో గరిటె పప్పు వేసింది. అడగలేనప్పుడు ఆమె చేసేది అదే. హాలు లేచింది.

ఎదురు వరుసలో ఉదయ్, కావ్య కూర్చున్నారు. కొత్తగా పెళ్లయిన వాళ్లు, ఇద్దరూ మడికొండలో కంప్యూటర్ కంపెనీలో చేస్తారు. ఉదయ్ ఫోన్‌లో ఏదో చదువుకుంటూనే తన విస్తట్లో అప్పడం తీసి కావ్య విస్తట్లో పెట్టాడు. కావ్య తన వంకాయ ముక్కలు తీసి అటు వేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనే లేదు.

అది చూశాక పద్మలతకు ముద్ద దిగలేదు.

హాలు మైదాన్ చుట్టి తిరిగి వచ్చింది. అందరి విస్తళ్లూ మడతలు పడ్డాయి. పద్మలత విస్తట్లో అన్నం అన్నంలాగే ఉంది. హాలు మెట్ల దాకా వచ్చి, ఆనకుండా, మళ్లీ చౌరస్తా దారి పట్టింది. మెట్ల మీద రెండో బంతి వాళ్లు ఉస్సురన్నారు.

"పెద్దమ్మా, జర జల్ది. నాకు తొమ్మిదింటికి ఆఫీసు కాల్ ఉన్నది" అన్నాడు ఉదయ్.

కావ్య మోచేత్తో పొడిచింది. "ఆఫీసోళ్లకు కూడ ఆకలైతది, ఆగుతరు తీ."

"చారు పోయాల్నా అక్కా? చారుతోనన్న దిగుతదేమో" అంది వరలక్ష్మి.

"అన్నంల తప్పులేదు" అంది పద్మలత. "నాకే మింగుడు పడతలేదు. అందరినీ బంధించి కూసోవెట్టిన. మాఫ్ చెయ్యిర్రి."

"నాకేం తొందర లేదు చెల్లె" అన్నాడు యాకయ్య. "ఇంటికి పోతే మా ఆమె బియ్యం ఏరుమంటది."

రెండోసారి తిరిగి వస్తున్నప్పుడు హాలు మెట్ల వైపు పోలేదు. భోజనశాల దాటి, మసీదు పక్కనుంచి, ఏనాడూ పోని సందులోకి తిరిగింది. ఇరుకు సందు. రెండు వైపులా కిటికీల్లోంచి ఆడవాళ్లు తీగల మీద బట్టలు పక్కకు జరిపి దారిచ్చారు. ఒకావిడ మరచెంబుతో నీళ్లు అందించింది. ఒకటి, రెండు, మూడు మలుపులు. నాలుగోది తిరిగి హాలు ఆగింది.

అరుగు మీద చంద్రమౌళి కూర్చుని ఉన్నాడు. చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని. ఆమె ఇంటికి రాలేదు కాబట్టి ఆయన ఇల్లు వదిలి పోలేదు.

హాలు అంచు అరుగుకు జానెడు దూరంలో ఊగుతూ నిలిచింది. ఆయన లోపలికి చూశాడు. మడిచిన విస్తళ్ల వరుసలో ఒకే ఒక్క తెరిచిన విస్తరి. దాని ముందు తన భార్య. అన్నం ముందు ఆమె కూర్చోవడం ఆయన చూసింది పెళ్లినాడే. అప్పుడు కూడా ఆమె తల వంచుకునే ఉంది.

"ఏమే, తింటలేవా?"

"తింటాన" అంది పద్మలత. కానీ చేయి కదలలేదు.

"పాణం బాగలేదా? దవాఖానకు పోదామా?"

"పాణం బాగనే ఉన్నది."

"మరేంది?"

  "ఒక్కదాన్నే తిని తిని యాష్టకొచ్చింది" అంది పద్మలత. "ఇంతమంది నడిమిట్ల ఒక్కదాన్నే."

చంద్రమౌళి ఇంట్లోకి తిరిగి చూశాడు. లోపల లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. గోడకు ఆనించి ఆమె బట్టల సంచి ఉంది. కాపలా కాయాల్సింది ఇంకేమీ ఆయనకు కనబడలేదు. మోకాలి మీద చేయి వేసుకుని లేచాడు. యాకయ్య చేయి అందించాడు, ఉదయ్ రెండో చేయి పట్టుకున్నాడు. ఆయన అరుగు మీదినుంచి హాల్లోకి అడుగు పెట్టాడు.

"తలుపు?" అంది పద్మలత.

"ఉండనీ."

"బార్లా ఉన్నది. లోపల ఎవ్వలు లేరు."

"అవును. ఎవ్వలు లేరు" అన్నాడాయన, ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్లు.

ఉదయ్, కావ్య అటూ ఇటూ జరిగి చోటిచ్చారు. ఆయన మోకాళ్లు మడవలేక కాళ్లు చాపుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. వరలక్ష్మి కొత్త విస్తరి వేసి, నీళ్లు చల్లి, గిన్నె అడుగునుంచి అన్నం తీసి వడ్డించింది. ఇప్పుడు ఒకటికి రెండు విస్తళ్లు తెరిచి ఉన్నాయని గుర్తొచ్చి ఉదయ్ ఆఫీసుకు ఫోన్ చేసి, రాలేనని చెప్పాడు. ఎందుకని వాళ్లడిగితే "బంతిల ఉన్న సార్" అన్నాడు.

హాలు సందులోంచి బయటపడి మెల్లగా సాగింది. ఈసారి చౌరస్తా వైపు కాదు, స్టేషన్ వైపు. షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

చంద్రమౌళి పప్పు కలిపాడు. నాలుగు వేళ్లతో, ఒక్క మెతుకు కూడా విడిగా ఉండకుండా, తొందర లేకుండా కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నమిలి, మింగి, కళ్లు తెరిచి, రెండో ముద్ద కలిపాడు. మళ్లీ మూసుకున్నాడు.

పద్మలత చూస్తూ ఉండిపోయింది.

"ఏంది గట్ల చూస్తానవు?" అన్నాడాయన.

"ముద్ద వెట్టుకున్నప్పుడల్ల కండ్లు మూసుకుంటాండ్లు."

"ఎవలు?"

"మీరే."

"నేనా?" ఆయన చేయి విస్తట్లోనే ఆగిపోయింది. "నాకు తెల్వదే. ఎప్పటిసంది?"

"నాకెట్ల తెలుస్తది?" అంది పద్మలత. చల్లారిన అన్నంలో వేళ్లు పెట్టి, ఆయన కలిపేంత నెమ్మదిగా కలపడం మొదలుపెట్టింది. "తినుర్రి. చూసి చెప్త."